నార్వే పెంపకపు సాల్మన్: వండి చూశాక, నది సంగతి తెలిశాక

ఈ సమీక్ష ఏదో ఒక కంపెనీ పొట్లం గురించి రాసినది కాదు. బెర్గెన్‌లో కాపురం పెట్టిన ఈ ఏడేళ్లలో దాదాపు ప్రతి వారం మా ఇంటికి వస్తున్న ఒక సరుకు గురించి రాసినది. చర్మం ఉంచి, ముళ్లు లాగేసి, గాలి చొరకుండా ప్లాస్టిక్‌లో బిగించి, సూపర్‌మార్కెట్ చల్లని అరల్లో పేర్చి అమ్మే పెంపకపు అట్లాంటిక్ సాల్మన్ ముక్కలే ఆ సరుకు. అరలో మూడు నాలుగు పేర్లతో పొట్లాలు కనిపిస్తాయి గానీ, అట్టల రంగులు వేరైనా లోపలి చేప ఒకటేనని కొన్నాళ్లు వండినవారికి తెలిసిపోతుంది. అందుకే పేర్లు పక్కన పెట్టి చేపనే తూకం వేస్తున్నాను. మామూలు రోజుల్లో కిలో 250 క్రోన్ల చుట్టుపక్కల పడుతుంది, తగ్గింపు రోజు చూసి కొంటే అంతకన్నా బాగా తక్కువకే వస్తుంది. నేను కోనసీమలో పుట్టి పెరిగినవాడిని కనుక చేప దగ్గర నా నాలుక అంత తొందరగా రాజీపడదు. ఆ సంగతి ముందే చెప్పడం న్యాయం.

ముందు వంట. మొదటిసారి ఈ చేపను మా అమ్మ చెప్పిన పద్ధతిలోనే పులుసు పెట్టాను. ఉల్లిపాయలు వేయించి, కారం, పసుపు, మెంతిపొడి వేసి, చిక్కటి చింతపండు పులుసు పోసి, ముక్కలు అందులోనే వేసి ఇరవై నిమిషాలు మరిగించాను. గరిట పెట్టకుండా గిన్నె అంచులు పట్టి తిప్పాను కూడా. అయినా మూత తీసేసరికి ముక్కలు పొరలు పొరలుగా విడిపోయి, పైన నారింజ రంగు నూనె అరంగుళం మందాన తేలింది. తప్పు చేపది కాదు, నాది. బొచ్చె ముక్కో, కొర్రమీను ముక్కో తట్టుకునే సెగను ఈ చేప తట్టుకోదు. వంద గ్రాముల మాంసంలో సుమారు 15 గ్రాముల కొవ్వు ఉన్న చేప ఇది. ఇప్పుడు పులుసును ముందే పూర్తిగా మరిగించి, దింపే ముందు ముక్కలు జార్చి, అయిదారు నిమిషాలు మూతపెట్టి ఉంచుతున్నాను. పోపులో నూనె సగానికి తగ్గించాను. ఇలా చేస్తే పులుసు చక్కగా కుదురుతుంది, మర్నాటికి ఇంకా బాగుంటుంది. వేపుడుకైతే ఈ చేపకు సాటి చెప్పడం కష్టం. ఇనప పెనం మీద నూనె చుక్క లేకుండా చర్మం వైపు కిందికి పెడితే తన కొవ్వులో తానే వేగుతుంది, చర్మం అప్పడంలా కరకరలాడుతుంది. ఉప్పు, కారం, పసుపు, కొంచెం అల్లం వెల్లుల్లి ముద్ద చాలు.

ఒక్కసారి మాత్రం ఒక పొట్లం విప్పగానే పుల్లటి వాసన వచ్చింది, తేదీ ఇంకా రెండు రోజులు ఉండగానే. కొన్న దుకాణానికి తీసుకెళ్తే మాట్లాడకుండా డబ్బు వెనక్కి ఇచ్చారు. ఏడేళ్లలో ఒక్క పొట్లమే అలా వచ్చిందంటే ఫిర్యాదు చేయడానికి మనసు రాదు. అసలు ఈ సరుకులో నన్ను మొదటినుంచీ ఆశ్చర్యపరిచినది రుచి కన్నా ఈ నిలకడే. జనవరిలో కొన్న ముక్కకూ జులైలో కొన్న ముక్కకూ మందంలో, రంగులో, కొవ్వులో తేడా కనిపించదు. రంగు సంగతి తేలిక: మేతలో అస్టాక్సాంథిన్ అనే రంగు పదార్థం కలుపుతారు కనుక మాంసం నారింజ రంగుకు వస్తుంది, కలపకపోతే పాలిపోయి ఉంటుంది. మిగిలిన నిలకడ మాత్రం మేత ఒక్కదాని నుంచే వచ్చినది కాదు, చేప రక్తంలో కూడా ఉంది. ఆ నిలకడ ఎలా వచ్చిందో తెలుసుకోవడానికి వెళ్లినవాడిని, ఆ దారిలోనే నదుల దగ్గరికి చేరాను.

నార్వేలో సాల్మన్ పెంపకం వ్యాపారంగా నిలదొక్కుకున్నది 1970 ప్రాంతంలో. హిత్రా దీవిలో గ్రోన్ట్‌వెట్ సోదరులు సముద్రంలో తేలే వల పంజరంలో సాల్మన్ పిల్లలను వదిలి పెంచిన కథను ఇక్కడ బడిపిల్లలు కూడా చెబుతారు. దాని వెనుకే, పశువుల సంతాన ఎంపికలో పేరుపొందిన హరాల్డ్ షెర్‌వోల్, ఆయన దారిలో నడిచిన త్రిగ్వే యెడ్రెమ్ వంటి శాస్త్రవేత్తలు, పాడి ఆవులకు పనికొచ్చిన పద్ధతి చేపకూ పనికొస్తుందని తలచి, 1970ల మొదట్లో సుమారు 40 నదుల నుంచి గుడ్లు సేకరించి కుటుంబాలవారీగా పెంచడం మొదలుపెట్టారు. ప్రతి తరంలో వేగంగా పెరిగినవాటిని, ఆ తరువాతి కాలంలో ఆలస్యంగా ఈడుకు వచ్చేవాటిని, రోగాన్ని తట్టుకునేవాటిని, కండ రంగు బాగున్నవాటిని ఎంచి తల్లిదండ్రులుగా ఉంచారు. ఒక తరానికి నాలుగేళ్లు. అలా పది తరాలు దాటాక వచ్చిన చేప, చెరువు తొట్టెలో పుష్కలంగా మేత వేసి పెంచినప్పుడు, నదిలో పుట్టిన తన బంధువు కన్నా రెండు మూడు రెట్లు వేగంగా బరువెక్కుతుంది. మన రైతులకు ఈ కథ కొత్తది కాదు. భువనేశ్వర్‌లోని కేంద్ర మంచినీటి చేపల పరిశోధన సంస్థ 1992లో మొదలుపెట్టి రూపొందించిన జయంతి రోహు, నార్వేకు చెందిన అక్వాఫోర్స్క్ అనే పరిశోధన సంస్థ తోడ్పాటుతో, ఇదే పద్ధతిలో పుట్టినది. 1997లో దేశ స్వాతంత్ర్య స్వర్ణోత్సవ సంవత్సరంలో దానికి ఆ పేరు పెట్టారు. కైకలూరు, ఆకివీడు చెరువుల్లో శీలావతి త్వరగా కిలో దాటాలని కోరుకునే రైతుకూ, నార్వే కొండల మధ్యకు చొచ్చుకొచ్చిన సముద్రపు పాయ అయిన హార్డాంగర్ ఫ్యోర్డ్‌లోని పెంపకందారుకూ కోరిక ఒక్కటే.

కాబట్టి నా పెనం మీద ముక్క మందంగా, కొవ్వుగా, ప్రతిసారీ ఒకేలా ఉండడానికి కారణం ఈ యాభై ఏళ్ల ఎంపిక. ఈ సరుకులోని మంచి అంతా అక్కడే ఉంది. చెడూ అక్కడే ఉంది. కాకపోతే ఆ చెడు పళ్లెంలో కనిపించదు, పంజరం చిరిగినప్పుడు నదిలో కనిపిస్తుంది.

పంజరం అంటే చుట్టుకొలత 160 మీటర్ల దాకా ఉండే గుండ్రని వల. చట్టం ప్రకారం ఒక్కో పంజరంలో రెండు లక్షల చేపల దాకా ఉంచవచ్చు. నార్వే తీరమంతటా ఏ రోజు చూసినా దాదాపు 40 కోట్ల పెంపకపు సాల్మన్లు ఈ వలల్లో ఈదుతూ ఉంటాయి. మరోవైపు, సముద్రం నుంచి తమ నదులకు తిరిగివచ్చే సహజ సాల్మన్లు 1980లలో ఏటా పది లక్షలకు పైగా ఉండేవి. 2024లో ఆ లెక్క మూడున్నర లక్షల లోపుకు పడిపోయింది. ఆ వేసవి నడిమధ్యలో ప్రభుత్వం 33 నదుల్లో గాలపు వేటను ఆపేసింది. అంటే నిండుగా ఉన్న రెండు పంజరాల్లోని చేపలు, దేశంలోని నదులన్నిటికీ ఆ ఏడు తిరిగివచ్చిన సాల్మన్ల కన్నా ఎక్కువ. తుపానుకు వల చిరగడం, పడవ తగలడం, చేపలను ఎక్కించే దించే వేళ పొరపాటు జరగడం వంటి కారణాలతో నూటికి ఒక్కటి కాదు, వెయ్యికి ఒక్కటి బయటపడినా నదికి అది చిన్న సంఖ్య కాదు.

బయటపడిన చేప ఏం చేస్తుంది? పులసను ఎరిగినవారికి ఇది వివరించడం సులువు. సముద్రంలో విలసగా తిరిగిన చేప గోదావరి వరదనీటికి ఎదురెక్కి పులస అయినట్టే, సాల్మన్ కూడా గుడ్లు పెట్టడానికి మంచినీటికి వస్తుంది. సహజ సాల్మన్‌కు తాను పుట్టిన నది నీటి వాసన గుర్తు. సముద్రంలో ఒకటి నుంచి మూడు శీతాకాలాలు తిరిగి సరిగ్గా అదే నదికి చేరుతుంది. తొట్టెలో పుట్టి పంజరంలో పెరిగిన చేపకు సొంత నది అంటూ లేదు. ఈడు వచ్చినప్పుడు దగ్గరలో తగిలిన నదిలోకి ఎక్కుతుంది. అక్కడ మగచేపలకు అచ్చిరాదు: పోట్లాటలో, జత కట్టడంలో పెంపకపు మగవి బాగా వెనకబడతాయని ప్రయోగాలు చూపాయి. ఆడచేపలు కొంత నయం. అవి గులకరాళ్లలో గుంట తవ్వి గుడ్లు పెడితే, నదిలో పుట్టిన మగచేప వచ్చి కలుస్తుంది. పెద్ద మగచేప లేకపోయినా, సముద్రానికి పోకుండానే ఈడుకు వచ్చిన వేలెడు మగపిల్లలు చాటుగా దూరి పని కానిస్తాయి. అందుకే నదుల్లోకి పెంపకపు రక్తం ఎక్కువగా తల్లి వైపు నుంచే వస్తున్నది.

ఇక పిల్లలు. ఈ సమీక్షలో నాకు అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి ఇదే, ఎందుకంటే మొదట నేను దీన్ని తలకిందులుగా ఊహించాను. సంకర పిల్లలు బలహీనంగా పుట్టి, వాటంతటవే నశించి, నది మళ్లీ మామూలుగా అవుతుందని అనుకున్నాను. నిజానికి ఆ పిల్లలు చూడడానికి బలహీనంగా ఉండవు. తల్లి లేక తండ్రి నుంచి వచ్చిన ఆకలి వాటిని పక్కనున్న సహజ పిల్లల కన్నా వేగంగా పెంచుతుంది. చిన్నతనంలో పెద్దగా ఉన్నదే మంచి చోటు పట్టుకుంటుంది. బండ వెనక నీటి మలుపు, పురుగులు కొట్టుకొచ్చే పాయ అంచు, ఇటువంటి స్థలాలు నదిలో లెక్కకు కొన్నే ఉంటాయి. వాటిని సంకర పిల్లలు ఆక్రమిస్తాయి, సహజ పిల్లలు దిగువకు నెట్టబడతాయి. ఆ తరువాత సంకర పిల్లల అసలు లోపం బయటపడుతుంది. కొంగో, పెద్ద ట్రౌట్ చేపో దాడి చేస్తే సహజ పిల్ల రాయి కింద నక్కి చాలాసేపు కదలదు; పెంపకపు రక్తం ఉన్న పిల్ల త్వరగానే మేతకు బయటికి వస్తుంది. పైన వల, చుట్టూ వల, వేళకు మేత ఉన్న చోట భయం దండగ. భయపడి మేత మానిన చేపను పది తరాల ఎంపిక ఏరి పారేసింది. అదే లక్షణం నదిలో చావు తెస్తుంది. అంటే అది చస్తుంది, కానీ చచ్చేలోగా బతకవలసినదాని చోటు తినేసి చస్తుంది.

దీన్ని లెక్కలతో చూపిన ప్రయోగాలు రెండింటిని తప్పక చెప్పాలి. ఐర్లండ్ పడమటి తీరాన మేయో కౌంటీలోని బరిషూల్ నదీ వ్యవస్థలో ఫిలిప్ మెక్‌గినిటీ బృందం సహజ, పెంపకపు, సంకర కుటుంబాల గుడ్లను ఒకే నీటిలో ఉంచి, వాటి బతుకును రెండు తరాల పాటు వెంబడించి 2003లో ఫలితాలు ప్రకటించింది. గుడ్డు నుంచి తిరిగివచ్చే పెద్ద చేప దాకా లెక్కిస్తే, సహజ చేప విజయాన్ని 100 అనుకున్నప్పుడు పూర్తి పెంపకపు సంతతికి దక్కింది 2 మాత్రమే. సంకర పిల్లలు మధ్యలో నిలిచాయి. సంకరాన్ని మళ్లీ సహజ చేపతో కలిపితే పుట్టిన పిల్లలు 89 దాకా కోలుకున్నాయి. ఇక్కడిదాకా వింటే, వదిలేస్తే నది తనంతట తానే కడిగేసుకుంటుంది కదా అనిపిస్తుంది. అయితే సంకరాలు సంకరాలతోనే కలిసిన రెండో తరంలో 70 శాతం పిల్లలు తొలి దశలోనే చనిపోయాయి. వేల ఏళ్లుగా ఒక నదికి తగినట్టు కలిసి కుదురుకున్న జన్యువుల పొందిక మొదటి తరంలో సగం నిలుస్తుంది గానీ, రెండో తరంలో పేకముక్కల్లా చెదురుతుంది. మన వీధిలో ఇడ్లీ పిండికి అలవాటైన రుబ్బురోలు కుదురులో వేరే ఊరి పొత్రం పెట్టినట్టు, ఒకటి రెండు తిప్పులు తిరిగి ఆగిపోతుంది.

రెండోది నార్వేలోనే, స్తవాంగర్ దగ్గరి ఇమ్సా నదిలో. ఇయాన్ ఫ్లెమింగ్ బృందం ఈడుకు వచ్చిన పెంపకపు చేపలనూ సహజ చేపలనూ కలిపి నదిలోకి వదిలి, వాటి సంతతిని జన్యు గుర్తులతో గాలించింది. 2000లో వెలువడిన ఆ పరిశోధన ప్రకారం పెంపకపు చేపల జీవితకాల సంతాన విజయం సహజ చేపల దానిలో 16 శాతమే. కానీ నన్ను ఆపింది మరో అంకె: ఆ నది నుంచి సముద్రానికి బయల్దేరే పిల్లల ఉత్పత్తి 30 శాతానికి మించి తగ్గింది. ఓడిపోయినవి ఓడిపోతూనే గెలిచినవాటి ఇంటిని దాదాపు మూడో వంతు కూల్చాయన్నమాట. పంజరం చేపను సమర్థించేవారు మొదటి అంకెను చెప్పి ఆగిపోవడం నేను ఒకటికి రెండుసార్లు విన్నాను.

పిల్లల్లో మార్పు చావు బతుకుల దగ్గరే ఆగదు. బతికి బట్టకట్టిన సంకర సంతతి జీవిత గడియారమే మారిపోతున్నదని నార్వే ప్రకృతి పరిశోధన సంస్థకు చెందిన గేర్ బోల్‌స్టాడ్ బృందం 2017లో 62 నదుల చేపలను పరిశీలించి చూపింది. పెంపకపు రక్తం ఎక్కువ ఉన్న చేపలు ఈడుకు వచ్చే వయసులో, ఆ వయసుకు ఉండే పరిమాణంలో తేడా కనిపించింది. 2021లో అదే బృందం, ఇటువంటి పిల్లలు నదిలో వేగంగా పెరిగి చిన్న వయసులోనే సముద్రానికి బయల్దేరుతున్నాయని చెప్పింది. ఒక సాల్మన్ ఏ ఏడు నది విడవాలి, ఎన్ని శీతాకాలాలు సముద్రంలో ఉండాలి అన్నది ఆ నది చలికీ, వరదకూ, పొడవుకూ తగ్గట్టు తరతరాలుగా స్థిరపడిన సంగతి. పొట్టి నదిలో చిన్న చేపలు, ఉధృతమైన నదిలో పెద్ద చేపలు ఉండడం అందుకే. అన్ని నదుల్లోకీ ఒకే పంజరపు రక్తం ఎక్కుతూ పోతే, నదికొక రకం అన్నది కరిగిపోయి అన్నీ ఒకే పోలికకు వస్తాయి. నేను పై పేరాల్లో మెచ్చుకున్న నిలకడ ఇదే. పొట్లంలో అది గుణం, నదిలో అదే రోగం.

ఎంత ఎక్కింది అన్న ప్రశ్నకు కూడా లెక్క ఉంది. స్తెన్ కార్ల్‌సన్, షెటిల్ హిందార్ వంటివారు కలిసి 147 నదుల నుంచి 21 వేలకు పైగా చేపల జన్యువులు పరీక్షించి 2016లో ప్రకటించిన దాని ప్రకారం, పెంపకపు రక్తం సగటున 6.4 శాతం, కొన్ని నదుల్లో సున్న, ఒక చోట 42 శాతం. బెర్గెన్‌కు దగ్గరి వోసో నది పేరు ఇక్కడి ముసలివాళ్లు ఇప్పటికీ నిట్టూర్పుతో పలుకుతారు. సగటున పది కిలోలకు పైబడిన సాల్మన్లకు పేరుపడ్డ నది అది. 1980ల చివర్లో ఆ చేపలు కూలిపోయాయి, 1992 నుంచి వేట మూతపడింది, నదిలోకి వస్తున్నవాటిలో తప్పించుకున్న పెంపకపు చేపలు అసలువాటి స్థానాన్ని ఆక్రమిస్తున్నాయని 1990లలోనే శాస్త్రవేత్తలు రాశారు. అసలు వంశం పూర్తిగా పోకుండా ఉన్నదంటే, కొన్ని చేపలను ముందే తీసి జన్యు నిధిలో బతికించి ఉంచడమే కారణం. ఇదంతా ఒక్క పెంపకం వల్లనే జరిగిందని నేను అనను. చేపల ఒంటికి పట్టే సముద్రపు పేలు, విద్యుత్ ఆనకట్టలు, సముద్రంలో మేత మారడం కూడా ఉన్నాయి. ఆ పేలు పెరిగేది కూడా పంజరాల దగ్గరే అన్నది వేరే సంగతి.

ఒకసారి జరిగిన పెద్ద ప్రమాదం ఏం చేస్తుందో కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్ చూపింది. 2013లో అక్కడి హెర్మిటేజ్ అఖాతంలో సుమారు 20 వేల సాల్మన్లు ఒకే దెబ్బకు తప్పించుకున్నాయి. తరువాత ఆ తీరంలోని 18 నదుల్లో పిల్లలను పరీక్షిస్తే 17 నదుల్లో సంకరాలు దొరికాయి. పరీక్షించిన పిల్లల్లో 27 శాతం పెంపకపు రక్తం కలిసినవే. నార్వే తీరంలో 20 వేలంటే పంజరంలో పదో వంతు.

మళ్లీ పొట్లం దగ్గరికి వస్తాను. అట్ట మీద చేప శాస్త్రీయ నామం, పెంచినది అన్న మాట, దేశం, తేదీ, కొవ్వు, మాంసకృత్తులు అన్నీ ఉంటాయి. ఏ పంజరం నుంచి వచ్చింది, ఆ పంజరం నుంచి ఈ విడతలో ఎన్ని తప్పించుకున్నాయి, చుట్టుపక్కల నదుల పరిస్థితి ఏమిటి అన్నవి ఉండవు. తప్పించుకున్న చేపల సంగతి వెంటనే ప్రభుత్వానికి తెలపాలన్న నిబంధన ఉంది, ఆ లెక్కలు ఎవరైనా చూడవచ్చు కూడా. కానీ ఆ లెక్కనూ నా చేతిలోని పొట్లాన్నీ కలిపే దారం లేదు. కొన్ని పొట్లాల మీద ఏఎస్‌సీ అన్న ఆకుపచ్చ ముద్ర, అంటే బాధ్యతగా పెంచిన చేప అని తెలిపే గుర్తు, కనిపిస్తుంది. ఆ ముద్ర కావాలంటే ఒక పెంపకపు విడతలో తప్పించుకున్న చేపలు 300 దాటకూడదన్న షరతు ఉంది. ఏ షరతూ లేనిదాని కన్నా ఇది మేలు కనుక, ధరలో తేడా కొద్దిగానే ఉన్నప్పుడు ఆ ముద్ర ఉన్నదే తీసుకుంటాను. అయితే నదిలో సహజ ఆడచేపలు వంద కూడా లేని చోట మూడు వందలు అన్న అంకె ఎంత పెద్దదో పై పేరాలు చదివినవారు తామే అంచనా వేసుకోవచ్చు.

ఈ సరుకును తయారుచేసేవారు ఏమీ చేయలేదని అంటే అబద్ధం అవుతుంది. పంజరాల నిర్మాణానికి కఠినమైన సాంకేతిక ప్రమాణం వచ్చాక తప్పించుకునేవి తగ్గాయి. శరదృతువులో నదుల్లోకి మునిగి, పెంపకపు చేపలను ఆనవాలు పట్టి ఏరివేసే బృందాలకు ఇప్పుడు పరిశ్రమే డబ్బు చెల్లిస్తున్నది. 2023లో ఐస్‌లాండ్ పడమటి ఫ్యోర్డుల్లో ఒక పంజరం నుంచి వేల చేపలు తప్పించుకున్నప్పుడు, నార్వే నుంచి ఇటువంటి మునిగే వేటగాళ్లను పిలిపించుకున్నారు. అసలు పిల్లలే పుట్టని చేపను పెంచితే బాధ తీరుతుంది కదా అన్న ఆలోచనా ఉంది. గుడ్లను ఫలదీకరణ జరిగిన వెంటనే అధిక ఒత్తిడికి గురిచేసి ప్రతి క్రోమోజోము రెండుకు బదులు మూడేసి ఉండేలా పుట్టించిన గొడ్డు సాల్మన్లను పెంచి చూశారు. ఎముకల వంకరలు, కంటిపొరలు, వ్యాధులకు లొంగడం వంటివి ఎక్కువై ఆ దారి సాగలేదు. బెర్గెన్‌లోనే ఉన్న సముద్ర పరిశోధన సంస్థలో అన్నా వార్గెలియుస్ బృందం బీజకణాలకు అవసరమైన ఒక జన్యువును నిలిపివేసి, వీర్యమూ గుడ్లూ ఏర్పడని సాల్మన్‌ను 2016లో చూపింది. అది ఇంకా ప్రయోగశాల తొట్టెల్లోనే ఉంది. అది అంగడికి వచ్చిన రోజున, జన్యువు మార్చిన చేప అన్న మాటకు జనం బెదరకుండా ఉంటే, ఈ సమీక్షను నేను మళ్లీ రాస్తాను.

కొనదలచినవారికి నా తీర్పు ఇది. వేపుడుకు అయిదుకు నాలుగున్నర, పులుసుకు జాగ్రత్తగా పెడితే మూడున్నర, ధరకు నాలుగు. నది లెక్కలోకి తీసుకుంటే అయిదుకు రెండు కూడా ఎక్కువే. ప్రతి వారం కొనేవాడిని ఇప్పుడు నెలకు రెండుసార్లు కొంటున్నాను. మిగిలిన వారాల్లో ఇక్కడి సముద్రంలో పట్టిన కాడ్, సైత వంటి చేపలు తెస్తున్నాను. సైత చవక, కండ గట్టి, మన పులుసు సెగకు చక్కగా నిలుస్తుంది, ఆ సంగతి ఇన్నేళ్లు తెలియక పోగొట్టుకున్నందుకు కొంచెం బాధ కూడా ఉంది. గడ్డకట్టించి సహజ సాల్మన్ అని అమ్మే చవక పొట్లాలు చాలావరకు పసిఫిక్ సముద్రపు వేరే జాతులవి. పొడిగా ఉంటాయి, వేపుడుకు పనికిరావు, పులుసుకు పరవాలేదు.

సహజ అట్లాంటిక్ సాల్మన్‌ను నేను తిన్నది ఒక్కసారే. కిందటి వేసవిలో మా పక్కింటి పెద్దాయన సోగ్నెఫ్యోర్డ్ వైపు ఒక నదిలో గాలంతో పట్టిన చేపలో ఒక ముక్క మాకు పంచారు. కొవ్వు తక్కువ, పొర బిగువు. ఇరవై నిమిషాల పులుసులో కూడా చెక్కుచెదరలేదు. పెంపకపు చేపకు పులుసులో మార్కులు తగ్గించినది ఆ ముక్కతో పోల్చే. ఆయన పద్ధతి ప్రకారం ఆ చేప పొలుసులు కొన్ని కవరులో పెట్టి పరీక్షకు పంపారు. పొలుసు మీది వలయాలు చెట్టు మానులోని వలయాల వంటివి. చలికాలంలో దగ్గరగా, వేసవిలో దూరంగా పడతాయి, పంజరంలో పెరిగినదానికి మొదటినుంచీ బారుగా పడతాయి. నెలల తరువాత జవాబు వచ్చింది: నదిలో మూడేళ్లు, సముద్రంలో రెండు శీతాకాలాలు, సహజ సాల్మన్. ఆయన సంతోషించి ఆ కాగితం నాకూ చూపించారు. పొలుసు చెప్పేది చేప ఎక్కడ పెరిగిందో మాత్రమేనని, నదిలో పుట్టినదైతే దాని అమ్మమ్మ పంజరం నుంచి వచ్చినా వలయాలు సహజంగానే పడతాయని అప్పటికే చదివి ఉన్నాను గానీ, ఆయనతో అనలేదు. జన్యు పరీక్ష ఎవరూ చేయించలేదు. నేను కొలబద్దగా పెట్టుకున్న ఆ ముక్క, పొట్లంలోని ముక్కకు ఎంత దగ్గరి చుట్టమో ఇప్పుడు తేల్చే వీలు లేదు, తినేశాం.